ఊరి బోర్డు మీద ఏ కాగితం ఎవరిది?

జూన్ నెలలో ఒక సాయంత్రం వాట్సాప్‌లో ఫొటో వచ్చింది. పంపింది మా చిన్నాన్న కూతురు. ఇంగ్లండ్ పడమటి వైపు, వేల్స్ సరిహద్దుకు దగ్గరలో ఉన్న ఒక పల్లెలో, పెద్దవాళ్లను చూసుకునే కేర్ హోమ్‌లో పనిచేస్తోంది. వెళ్లి ఆరు నెలలైంది. ఫొటోలో ఉన్నది ఆ ఊరి నోటీసు బోర్డు. చెక్క చట్రం, అద్దం తలుపు, లోపల కార్క్ పలక, దాని మీద పిన్నులతో గుచ్చిన పది పన్నెండు కాగితాలు. ఒక కాగితం అంచు చెమ్మకి ఉబ్బిపోయింది, దాని మీది ఎర్ర అక్షరాలు కిందికి జారాయి. పిన్నులకు తుప్పు పట్టి కాగితం మీద గోధుమరంగు చుక్కలు పడ్డాయి.

"అన్నయ్యా, బస్సు కోసం రోజూ దీని పక్కనే నిలబడతాను. ఇందులో నాకు పనికొచ్చేది ఏమైనా ఉందా, లేక అంతా వాళ్ల ఊరి గొడవేనా?" అని అడిగింది.

ఇలాంటి ఊళ్లో నేనూ కొన్నేళ్లు ఉన్నాను. మొదటి రెండేళ్లు ఆ బోర్డు నా కంటికి ఆనలేదు. అందుకే తనకి వెంటనే ఫోన్ చేశాను. నీకు పనికొచ్చేవి చాలా ఉన్నాయమ్మా, కాకపోతే ముగ్గురి కాగితాలు ఒకే బోర్డు మీద కలిసిపోయాయి, అదే చిక్కు అన్నాను. కొన్ని చట్టం పెట్టించినవి. కొన్ని చర్చి వాళ్లవి. మిగతావి ఊరివాళ్లు తమంతట తాము పెట్టుకున్నవి. అన్నీ ఒకే సైజు కాగితాలు, అందరివీ అవే పిన్నులు. పిల్లి తప్పిపోయిందన్న కాగితం పక్కనే, ఊరి డబ్బు లెక్కలు ఎవరైనా వచ్చి చూసుకోవచ్చన్న కాగితం ఉంటుంది. మొదటిదానికి ఫొటో ఉంటుంది కాబట్టి అందరూ దాన్నే చూస్తారు.

అసలు తికమక 'పారిష్' అనే మాట దగ్గర మొదలవుతుంది. పారిష్ అంటే ఒక చర్చి కింద ఉండే ఊరు. కొన్ని వందల ఏళ్లపాటు ఇంగ్లండ్ పల్లెల్లో చర్చి, ఊరి పాలన వేరువేరు కాదు. ఊరి పెద్దలు చర్చిలోనే వెస్ట్రీ అనే సభగా కూర్చుని పేదలకు సాయం, బాటల బాగుచేత లాంటివి తేల్చుకునేవాళ్లు. సభ ఎప్పుడో, పన్ను ఎంతో ఆదివారం ప్రార్థన మధ్యలో చదివి వినిపించేవాళ్లు. మన పల్లెల్లో దండోరా వేసి చాటింపు వేయించినట్టే, కాకపోతే డప్పు బదులు చర్చి గంట. 1837లో ఒక చట్టం వచ్చి, ఈ లోకవ్యవహారాలు ప్రార్థన మధ్యలో చదవొద్దు, రాసి చర్చి తలుపుకి తగిలించండి అంది. నోటితో చెప్పే కబురు కాగితం మీదికి వచ్చింది అప్పుడే. ఇవాళ్టి బోర్డు ఆ తలుపుకి వారసురాలు.

ఆ తర్వాత 1894లో ఊరి పాలనను చర్చి నుంచి విడదీసి, ఓట్లతో ఎన్నికయ్యే పారిష్ కౌన్సిళ్లు పెట్టారు. ఆ ఏడాది డిసెంబరులో మొదటి ఎన్నికలు జరిగాయి. ఆడవాళ్లు వాటిలో ఓటు వేశారు, పోటీ కూడా చేశారు. పార్లమెంటు ఎన్నికల్లో ఓటు కోసం వాళ్లు 1918 దాకా ఆగాల్సి వచ్చింది.

అప్పటినుంచి ఒకే పేరుతో రెండు పారిష్‌లు ఉన్నాయి. చర్చి పారిష్‌కి ఒక కమిటీ, ఊరి పారిష్‌కి ఒక కౌన్సిల్. వాటి పొలిమేరలు కూడా కలవాలని లేదు. మాట మాత్రం మారలేదు. పారిష్ కౌన్సిల్ అన్నా, పారిష్ మీటింగ్ అన్నా, పారిష్ మ్యాగజైన్ అన్నా కొత్తగా వచ్చినవాళ్లకి చర్చే గుర్తొస్తుంది. "అది వాళ్ల మతం వ్యవహారం, మనకెందుకు" అని పక్కకి తప్పుకున్న మనవాళ్లను నేను చాలామందిని చూశాను. నేనూ అలాగే తప్పుకున్నాను. నిజానికి పారిష్ కౌన్సిల్‌కీ మతానికీ ఏ సంబంధమూ లేదు. అది వాళ్ల గ్రామ పంచాయతీ.

పంచాయతీ అన్నానని అన్నీ కలుస్తాయనుకోవద్దు. ఇంగ్లండ్‌లో ఇలాంటి కౌన్సిళ్లు సుమారు 10,000 ఉన్నాయి. ఒక్కోదాంట్లో కనీసం అయిదుగురు సభ్యులుండాలి. వాళ్లకి జీతం ఉండదు. జీతం తీసుకునేది క్లర్క్ ఒక్కరే, అదీ చాలా ఊళ్లలో వారానికి కొన్ని గంటల పని. బోర్డు తాళంచెవి ఉండేది కూడా సాధారణంగా ఆ క్లర్క్ దగ్గరే. జనం నేరుగా ఎన్నుకునే సర్పంచ్ లేరు. ఏటా మే నెలలో సభ్యులే తమలో ఒకరిని ఛైర్మన్‌గా పెట్టుకుంటారు. వాళ్ల చేతిలో ఉండేవి చిన్న పనులు. ఆటస్థలం, శ్మశానం, బస్ షెల్టర్, వీధి దీపాలు, బెంచీలు, కూరగాయలు పండించుకోవడానికి అద్దెకిచ్చే చిన్న మడులు. ఒక ఊళ్లో ఇవన్నీ ఉంటాయి, ఇంకో ఊళ్లో రెండే ఉంటాయి.

రోడ్డు మీద గుంత పడితే పారిష్‌ని అడిగి లాభం లేదు, అది కౌంటీ, అంటే కొన్ని జిల్లాలు కలిసిన పెద్ద ప్రాంతపు కౌన్సిల్ పని. స్కూళ్లూ లైబ్రరీలూ కూడా కౌంటీవే. చెత్తబండి, ఇల్లు కట్టుకోవడానికి అనుమతి జిల్లా కౌన్సిల్ పని. కొన్నిచోట్ల ఈ పై రెండు అంతస్తులను కలిపేశారు. నార్త్ యార్క్‌షైర్‌లో, సోమర్సెట్‌లో 2023 ఏప్రిల్ నుంచి జిల్లాలు పోయి ఒకటే కౌన్సిల్ మిగిలింది. పై అంతస్తులు ఎలా మారినా అట్టడుగున పారిష్ అలాగే ఉంది. పైవాటి ఆఫీసు 30, 40 మైళ్ల దూరానికి వెళ్లిపోయేకొద్దీ, నడిచి వెళ్లి మాట్లాడగలిగే చోటు ఇదొక్కటే అవుతోంది.

ఇప్పుడు ఫొటోలోకి వద్దాం. ఎడమవైపు పైన తెల్ల కాగితం, కింద క్లర్క్ సంతకం. మంగళవారం రాత్రి 7.30కి విలేజ్ హాల్లో కౌన్సిల్ సమావేశం, కింద పన్నెండు అంశాలు వరస నంబర్లతో. చూడటానికి చాలా సాదాగా ఉంటుంది. బోర్డు మీద అన్నిటికన్నా బరువైన కాగితం అదే.

1972 నాటి స్థానిక పాలన చట్టం ప్రకారం, సమావేశానికి మూడు నిండు రోజుల ముందు ఆ నోటీసు ఊళ్లో అందరికీ కనపడే చోట పెట్టి తీరాలి. నిండు రోజులంటే కాగితం పెట్టిన రోజు లెక్కలోకి రాదు, సమావేశం జరిగే రోజు రాదు, ఆదివారాలూ బ్యాంకు సెలవులూ రావు. మంగళవారం సమావేశమైతే వెనక్కి లెక్కపెట్టండి. సోమవారం ఒకటి, ఆదివారం వదిలేస్తే శనివారం రెండు, శుక్రవారం మూడు. అంటే గురువారం కల్లా బోర్డు మీద ఉండాలి. శుక్రవారం పొద్దున పెడితే ఆలస్యమైనట్టే. వానలో గొడుగు పట్టుకుని గురువారం సాయంత్రం క్లర్క్ తాళం తీస్తున్నారంటే వెనక ఈ లెక్క ఉంది.

ఇంకో మాట. ఆ జాబితాలో లేని విషయం మీద కౌన్సిల్ ఆ రాత్రి నిర్ణయం తీసుకోవడానికి వీల్లేదు. 'ఇతర విషయాలు' అని చివర రాసి, దాని కింద డబ్బు ఖర్చుపెట్టేయడం కుదరదు. అందుకే పన్నెండు అంశాల్లో మీకు సంబంధించినది ఏదైనా ఉందేమో చూసుకోవడానికి రెండు నిమిషాలు చాలు. లేకపోతే ఆ నెల నిశ్చింతగా ఉండొచ్చు.

వెళ్లి కూర్చోవచ్చా అని మా చెల్లి అడిగింది. కూర్చోవచ్చు, అది హక్కు. 1960లో వచ్చిన ఒక చట్టం కౌన్సిల్ సమావేశాల తలుపులు జనానికీ పత్రికలకీ తెరిపించింది. ఆ బిల్లు తెచ్చింది అప్పుడే కొత్తగా పార్లమెంటుకి వచ్చిన, తర్వాత ప్రధాని అయిన మార్గరెట్ థాచర్. సభలో ఆవిడ మొదటి ప్రసంగం ఆ బిల్లు మీదే. 2014 నుంచి సమావేశాన్ని ఫోన్‌లో రికార్డు కూడా చేసుకోవచ్చు. మాట్లాడే హక్కు మాత్రం చట్టంలో లేదు. అయినా చాలా కౌన్సిళ్లు మొదట్లో కొంత సమయం ఊరివాళ్ల మాట కోసం కేటాయిస్తాయి. ఆ కాగితంలో రెండో అంశమో మూడో అంశమో అదే అయి ఉంటుంది.

ఈ సమావేశాలు ఎలా ఉంటాయో దేశం మొత్తానికి తెలిసింది కోవిడ్ కాలంలో. చెషైర్‌లోని హ్యాండ్‌ఫోర్త్ పారిష్ కౌన్సిల్ 2020 డిసెంబరులో ఆన్‌లైన్‌లో కలిసినప్పుడు సభ్యులు ఒకరి మీద ఒకరు అరుచుకున్న వీడియో, తర్వాత ఫిబ్రవరిలో లక్షల మంది చూశారు. చాలామంది నవ్వుకున్నారు. నాకు మాత్రం అది చూస్తే బాధనిపించింది. ఎందుకంటే మామూలుగా ఆ గదుల్లో జరిగేది అది కాదు. చలికి కోటు కూడా విప్పకుండా, పైసా జీతం లేకుండా, ఊయల గొలుసు మార్చడానికి ఎంతవుతుందో తొమ్మిదింటి దాకా లెక్కలేసే మనుషులే అక్కడ ఉంటారు. ఆన్‌లైన్ సమావేశాలకిచ్చిన అనుమతి 2021 మేతో ముగిసింది. మళ్లీ హాల్లోనే.

డబ్బు సంగతి ఇంకా చెప్పలేదు. పారిష్‌కి ఆదాయం ప్రధానంగా ఊరి ఇళ్ల నుంచే వస్తుంది. ఏడాదికి ఎంత కావాలో కౌన్సిల్ తేల్చుకుని, ఆ మొత్తాన్ని జిల్లాకి చెబుతుంది. దాన్ని ప్రిసెప్ట్ అంటారు. జిల్లా దాన్ని ఇంటిపన్నులో, అంటే కౌన్సిల్ టాక్స్‌లో కలిపి వసూలు చేసి ఇస్తుంది. ఆ పన్నుకి ఇళ్లను ఎ నుంచి హెచ్ దాకా ఎనిమిది తరగతులుగా విడదీశారు, అదీ 1991 ఏప్రిల్ నాటి ధరలను బట్టి. ఒక లెక్క వేసి చూద్దాం. ఊరికి 15,000 పౌండ్లు కావాలి, ఊరి ఇళ్లన్నిటినీ డి తరగతికి సమానంగా మార్చి లెక్కేస్తే 300 అయ్యాయి అనుకుంటే, డి తరగతి ఇంటి మీద పడేది ఏడాదికి 50 పౌండ్లు. కౌంటీ, జిల్లా లాంటి పెద్ద కౌన్సిళ్లు పన్ను ఒక హద్దు దాటి పెంచాలంటే జనం ఓటు తీసుకోవాలి. పారిష్‌లకు ఇప్పటిదాకా ప్రభుత్వం ఆ హద్దు పెట్టలేదు. ఆ హద్దు పనిని చేయగలిగింది సమావేశంలో వెనక కుర్చీల్లో కూర్చునే ఊరివాళ్లే.

అయితే ఎప్పుడు కూర్చోవాలో తెలియాలి. బిల్లు మార్చిలో ఇంటికి వస్తుంది, అది చూసి ఏప్రిల్లో కోపంగా వస్తారు జనం. అప్పటికి అయిపోయింది. ఆ అంకె తేలేది చలికాలంలో, నవంబరుకీ జనవరికీ మధ్య. ఏడాదిలో ఒక్క సమావేశానికే వెళ్లగలిగితే జనవరిదానికి వెళ్లమని చెప్తాను.

జూన్ ఫొటోలో ఇంకో చట్టం కాగితం ఉంది, చిన్న అక్షరాలతో నిండిపోయి ఎవరూ చదవకుండా ఉండేది. గడిచిన ఏడాది లెక్కలు చూసుకోవచ్చని చెప్పే నోటీసు. ప్రతి పారిష్ కౌన్సిల్ తన ఖర్చు పుస్తకాలను, బిల్లులను 30 పనిదినాల పాటు జనం చూడటానికి వీలుగా ఉంచాలి. ఆ 30 రోజుల్లో జులై మొదటి పది పనిదినాలు తప్పకుండా ఉండాలి. అందుకే ఇంగ్లండ్ పల్లెలన్నిటిలో జూన్‌లో ఈ కాగితం కనిపిస్తుంది. బెంచీకి ఎంత పెట్టారు, గడ్డి కోసినవాళ్లకి ఎంత ఇచ్చారు, రసీదు చూపించమని అడగొచ్చు. అక్కడ ఓటరు అయితే ఆడిటర్‌కి ప్రశ్న రాయొచ్చు, అభ్యంతరం కూడా చెప్పొచ్చు.

ఇక్కడికి వచ్చేసరికి మా చెల్లి, "నేను ఓటర్ని కాదుగా అన్నయ్యా, నాది ఇండియన్ పాస్‌పోర్టు" అంది. చాలామంది మనవాళ్లు ఇలాగే అనుకుంటారు, అందుకే ఈ సంగతి గట్టిగా చెప్పాలనిపిస్తుంది. కామన్వెల్త్ దేశాల పౌరులకు బ్రిటన్‌లో ఉండటానికి అనుమతి ఉంటే చాలు, ఓటరుగా పేరు నమోదు చేసుకోవచ్చు. భారతదేశం కామన్వెల్త్ దేశమే. వర్క్ వీసా మీద ఉన్న నర్సు, కేర్ వర్కర్, డాక్టర్, స్టూడెంట్, పద్దెనిమిది నిండిన ఎవరైనా సరే. పారిష్ నుంచి పార్లమెంటు దాకా అన్ని ఎన్నికల్లోనూ ఓటు వేయొచ్చు. 2023 మే నుంచి ఇంగ్లండ్‌లో పోలింగ్ కేంద్రంలో ఫొటో ఉన్న గుర్తింపు చూపించాలి, మన పాస్‌పోర్టు దానికి సరిపోతుంది. పోటీ చేయడానికి మాత్రం మెట్టు ఇంకాస్త ఎత్తు. శాశ్వత నివాస అనుమతి ఉండాలి, దాంతోపాటు ఆ ఊళ్లో ఓటరైనా అయి ఉండాలి, లేదా ఏడాదిగా అక్కడ పనిచేస్తూనో, ఊళ్లో గానీ 3 మైళ్ల లోపు గానీ నివసిస్తూనో ఉండాలి.

ఆ పోటీ గురించే ఫొటోలో ఇంకో కాగితం ఉంది. ఒక సభ్యుడి స్థానం ఖాళీ అయిందని. ఆ నోటీసు పెట్టాక 14 పనిదినాల్లో పది మంది ఓటర్లు కోరితే ఎన్నిక పెట్టాలి. ఎవరూ కోరకపోతే మిగతా సభ్యులే ఆసక్తి ఉన్నవాళ్లలో ఒకరిని పిలిచి కూర్చోబెట్టుకుంటారు. నాలుగేళ్లకోసారి జరిగే మామూలు ఎన్నికల్లో కూడా, ఉన్న స్థానాల కన్నా నామినేషన్లు తక్కువ పడి ఓటింగే లేకుండా పోయే ఊళ్లు చాలా ఉంటాయి. మన దగ్గర పంచాయతీ ఏకగ్రీవమైతే పండగ, ప్రభుత్వం ప్రోత్సాహక డబ్బు కూడా ప్రకటిస్తుంది. దాని వెనక ఎన్ని రాజీలు, ఎన్ని బుజ్జగింపులు, ఒక్కోసారి ఎన్ని బెదిరింపులు ఉంటాయో మనకు తెలుసు. అక్కడిది వేరే రకం ఏకగ్రీవం. ఎవరూ రాలేదు కాబట్టి ఏకగ్రీవం. రెండూ ఊరికి మంచివి కావని నా నమ్మకం.

ఇంకో తికమక కూడా ఇక్కడే విప్పాలి. పారిష్ కౌన్సిల్ సమావేశం వేరు, పారిష్ మీటింగ్ వేరు. రెండోది అచ్చంగా మన గ్రామసభ. ఏటా మార్చి 1కీ జూన్ 1కీ మధ్య ఒకసారి జరగాలి, సాయంత్రం 6కి ముందు మొదలుపెట్టకూడదు. పనికి వెళ్లొచ్చినవాళ్లు కూడా రాగలగాలి కదా. ఇందులో ఓటర్లందరికీ మాట్లాడే హక్కుంది, చేతులెత్తి ఓటు వేసే హక్కుంది. ఏడాదిలో ఇంకెప్పుడైనా కావాలంటే ఆరుగురు ఓటర్లు కలిసి పిలిపించుకోవచ్చు. ఆరుగురు చాలు. ఒక కేర్ హోమ్‌లో ఒక షిఫ్టులో అంతకన్నా ఎక్కువ మందే ఉంటారు.

ఇక బోర్డు మీద లేని కాగితాలు. నాకు దెబ్బ తగిలింది వీటి దగ్గరే. మేం అద్దెకున్న ఇంటి సందు మొదట్లో కరెంటు స్తంభానికి ప్లాస్టిక్ తొడుగులో ఒక కాగితం కట్టి ఉండేది. రోజూ బాబుని స్కూలుకి తీసుకెళ్తూ దాని పక్కనుంచే నడిచేవాణ్ని. పాత బట్టల సేకరణ ప్రకటన లాంటిదేదో అనుకున్నాను. మూడు వారాల తర్వాత అది మాయమైంది. ఇంకో రెండు నెలలకి మా పెరటి కంచె అవతల జేసీబీ దిగింది. అక్కడ రెండంతస్తుల ఇల్లు, మా వంటింట్లోకి సూటిగా చూసే కిటికీ. పక్కింటి పెద్దాయన, "నోటీసు పెట్టారుగా, నువ్వేమీ అనలేదేంటి?" అని నిజంగానే ఆశ్చర్యపోయాడు. తప్పు ఎవరిదో కాదు, నాదే.

ఎవరైనా ఇల్లు కట్టుకోవడానికి అనుమతి కోరితే, జిల్లా కౌన్సిల్ ఆ విషయం చుట్టుపక్కలవాళ్లకి చెప్పాలి. మామూలు దరఖాస్తులకు పక్క ఇళ్లకి ఉత్తరం రాయొచ్చు, లేదా స్థలం దగ్గర నోటీసు కట్టొచ్చు. రెండిట్లో ఒకటి చేస్తే చాలు. నోటీసైతే కనీసం 21 రోజులు ఉండాలి. ఆ గడువులో ఎవరైనా అభిప్రాయం రాయొచ్చు, అద్దెకున్నవాళ్లు కూడా. చిన్న దరఖాస్తు మీద నిర్ణయానికి మామూలుగా 8 వారాలు, పెద్దవాటికి 13. పారిష్ కౌన్సిల్ ఇందులో అభిప్రాయం చెబుతుంది, తీర్పు చెప్పదు. ఊళ్లో సగం కోపాలు ఈ తేడా తెలియక వచ్చేవే. "పారిష్ వాళ్లు ఒప్పేసుకున్నారు" అంటుంటారు జనం. ఒప్పుకునేది వాళ్లు కాదు.

ఏం రాయాలన్నది కూడా ముఖ్యం. మా ఇంటి విలువ పడిపోతుంది, కిటికీలోంచి కొండ కనిపించదు అని రాస్తే ఆ ఉత్తరం పక్కకి పోతుంది, చట్టం వాటిని లెక్కలోకి తీసుకోదు. మా ఇంట్లోకి తొంగిచూసేలా కిటికీ ఉంది, వెలుతురు ఆగిపోతుంది, మలుపులో కార్లు బయటికి తీయడం ప్రమాదం అని రాస్తే చదువుతారు. నేను ఆ 21 రోజుల్లో నాలుగు ముక్కలు రాసి ఉంటే ఇల్లు ఆగేది కాదు, ఆగకూడదు కూడా, పల్లెల్లో ఇళ్లు కావాలి. కానీ ఆ కిటికీకి మసక అద్దం వేయించమని షరతు పెట్టి ఉండేవాళ్లేమో.

స్తంభాల దాకా వచ్చాం కాబట్టి పబ్బు గోడ కూడా చూద్దాం. మద్యం అమ్మడానికో, రాత్రి పొద్దుపోయేదాకా పాటలు పెట్టడానికో కొత్తగా లైసెన్సు కోరితే లేత నీలం కాగితం అంటించాలి. ఏ4 కన్నా చిన్నది కాకూడదు, నల్ల అక్షరాలు, టైపు చేస్తే సైజు 16కి తగ్గకూడదు, 28 రోజులు ఉంచాలి. ఇంత వివరంగా చట్టంలో రాశారంటే, అంతకుముందు ఎవరో ఎక్కడో కనపడకుండా అంటించి ఉంటారని నా ఊహ.

చర్చి కాగితాల దగ్గరికి వస్తే, వాటిలో నాకు బాగా నచ్చేది పెళ్లి ప్రకటన. ఇంగ్లండ్ చర్చిలో పెళ్లి చేసుకునేవాళ్ల పేర్లు ముందుగా మూడు ఆదివారాలు చర్చిలో చదువుతారు. ఈ పెళ్లికి అడ్డుచెప్పే కారణం ఎవరికైనా తెలిస్తే చెప్పండి అని అడుగుతారు. ఇద్దరివీ వేరే ఊళ్లయితే రెండు చోట్లా చదవాలి. చదివిన మూడు నెలల్లో పెళ్లి జరగాలి. లోకవ్యవహారాలన్నీ 1837లో తలుపు మీదికి వెళ్లిపోయినా, ఈ ఒక్క ప్రకటన ఇంకా నోటితోనే బతికి ఉంది.

పారిష్ మ్యాగజైన్ కూడా చర్చిలోంచి పుట్టిందే. 1859లో డర్బీలో జాన్ ఎర్స్‌కిన్ క్లార్క్ అనే చర్చి గురువు దాన్ని మొదలుపెట్టాడు. మధ్యలో దేశమంతటికీ ఒకటే అచ్చు పేజీలు, చుట్టూ ఏ ఊరికి ఆ ఊరు కలుపుకునే సొంత కబుర్లు. ఆ పద్ధతి దేశమంతా పాకింది. ఇప్పుడు చాలా ఊళ్లలో అది పేరుకే చర్చి పత్రిక. పారిష్ కౌన్సిల్ నిర్ణయాల సారం, విలేజ్ హాల్లో యోగా క్లాసు వేళలు, గుమ్మడికాయల పోటీ, పొగగొట్టం శుభ్రం చేసే మనిషి ప్రకటన అన్నీ అందులోనే. పెద్దవయసువాళ్లు చేతిసంచీలో వేసుకుని ఇంటింటికీ పంచుతారు. తలుపు తీస్తే ఒక నిమిషం మాట్లాడతారు. ఒంటరిగా ఉన్న ముసలావిడ తలుపు తీయకపోతే మొదట తెలిసేది వాళ్లకే.

ఇవన్నీ ఇప్పుడు ఇంకా ఎందుకు ముఖ్యమయ్యాయంటే, పత్రికలు పోయాయి. ఒకప్పుడు ప్రతి చిన్న పట్నానికీ ఒక వారపత్రిక, ప్రతి ఊరికీ దానికి కబుర్లు రాసి పంపే మనిషి ఉండేవాళ్లు. పూల ప్రదర్శనలో రెండో బహుమతి ఎవరికొచ్చిందో కూడా అచ్చయ్యేది. పారిష్ సమావేశంలో ఒక మూల విలేకరి కూర్చునేవాడు. 2005 తర్వాత బ్రిటన్‌లో రెండు వందలకు పైగా స్థానిక పత్రికలు మూతపడ్డాయి. ప్రకటనలు ఇంటర్నెట్‌కి తరలిపోవడం పెద్ద కారణం. ఆ ఖాళీని కొంత పూడ్చడానికి 2018 నుంచి బీబీసీ, టీవీ చూసేవాళ్లు కట్టే లైసెన్స్ ఫీజు డబ్బుతో 150కి పైగా విలేకరులను స్థానిక పత్రికల్లో పెట్టించి, కౌన్సిల్ వార్తలు రాయిస్తోంది. మంచి పనే. కానీ వాళ్లు చూసేది పెద్ద కౌన్సిళ్లను. విలేజ్ హాల్లో ఊయల గొలుసు గురించి రాయడానికి ఎవరూ రారు. అక్కడేం జరిగిందో చెప్పే సాక్ష్యం క్లర్క్ రాసే మినిట్స్, అంటే సమావేశంలో తేల్చినవాటి రికార్డు, ఒక్కటే. అది బోర్డు మీదికి వస్తుంది, నెల తిరిగేసరికి చిరిగి పోతుంది.

మిగిలినవి ఊరివాళ్ల సొంత కాగితాలు. వీటికి ఏ చట్టమూ లేదు, ఊరు నడిచేది మాత్రం వీటి మీదే. గ్యాస్ పైపులు రాని పల్లెల్లో ఇళ్లను వెచ్చబెట్టేది ట్యాంకుల్లో పోయించుకునే నూనె. పది ఇళ్లు కలిసి ఒకేసారి ఆర్డరిస్తే ధర తగ్గుతుంది, ఆ పిలుపు ఈ బోర్డు మీదే. దొంగల మీద ఇరుగుపొరుగు కన్నేసి ఉంచే నైబర్‌హుడ్ వాచ్ బ్రిటన్‌లో మొదలైంది 1982లో, చెషైర్‌లోని మోలింగ్టన్ అనే ఇలాంటి పల్లెలోనే. 2008 నుంచి బీటీ అనే టెలిఫోన్ కంపెనీ వాడకం లేని ఎర్ర ఫోన్ పెట్టెలను ఒక్క పౌండ్‌కి ఊళ్లకి ఇస్తోంది. సోమర్సెట్‌లోని వెస్ట్‌బరీ-సబ్-మెండిప్ ఊరు 2009లో తమ పెట్టెని బుల్లి లైబ్రరీ చేసుకుంది. చాలా ఊళ్లు అందులో గుండె ఆగినప్పుడు వాడే డీఫిబ్రిలేటర్ పెట్టాయి. మా చెల్లి ఫొటోలో కూడా ఒక మూల దాని వాడకం నేర్పే క్లాసు కాగితం ఉంది. "నువ్వు ముందు దానికి వెళ్లు" అన్నాను. "అది మాకు హోమ్‌లోనే నేర్పారు అన్నయ్యా, నేనే నేర్పగలను" అంది. ఆ మాటకి నాకు చాలా సంతోషం వేసింది.

ఒక్కోసారి ఈ సొంత కాగితం ఊరి రూపాన్నే మారుస్తుంది. కంబ్రియాలో హెస్కెట్ న్యూమార్కెట్ ఊరివాళ్లు 2003లో డబ్బు పోగుచేసి తమ పబ్బు ఓల్డ్ క్రౌన్‌ని సహకార సంఘంగా కొనుక్కున్నారు. 2011 చట్టం తర్వాత పారిష్ కౌన్సిల్ గానీ, 21 మంది ఊరివాళ్ల బృందం గానీ ఒక పబ్బునో కిరాణా కొట్టునో ఊరికి విలువైనదిగా నమోదు చేయమని కోరవచ్చు. ఆ తర్వాత యజమాని అమ్మదలిస్తే ముందు చెప్పాలి. కొంటామని ఊరు ఆరు వారాల్లో ముందుకొస్తే, డబ్బు సమకూర్చుకోవడానికి మొత్తం ఆరు నెలల గడువు దొరుకుతుంది. ఊరివాళ్లకే అమ్మాలన్న నిర్బంధం లేదు. గడువు మాత్రం చట్టం ఇస్తుంది, మిగతాది ఊరి పని.

ఫోన్ పెట్టే ముందు మా చెల్లి ఒక చిన్న విషయం చెప్పింది. బస్ షెల్టర్‌లో దీపం వెలగక చాలా రోజులైందట. రాత్రి షిఫ్టు అయ్యాక చీకట్లో నిలబడాలంటే టెన్షన్‌గా ఉందట. ఎవరిని అడగాలో తెలియక ఊరుకుంది. ఆ షెల్టర్ మీద పారిష్ కౌన్సిల్ పేరు చిన్న పలకగా ఉందని నేను అడిగితే చూసి చెప్పింది.

మంగళవారం వెళ్లింది. అయిదుగురు సభ్యులు, క్లర్క్, వెనక కుర్చీల్లో తనూ ఇంకొకాయనా. ఊరివాళ్ల మాట కోసం పెట్టిన సమయంలో లేచి రెండు వాక్యాలు చెప్పిందట. చెప్పి కూర్చున్నాక కాళ్లు వణికాయంది.

జులైలో ఇంకో ఫొటో పంపింది. అదే బోర్డు, మినిట్స్ కాగితం మీద ఒక వాక్యం చుట్టూ తన ఫోన్‌లో ఎర్ర గీత గీసింది. అక్కడ మాట్లాడిన ఊరివాళ్ల పేర్లు రాయరు. 'బస్ షెల్టర్‌లో దీపం వెలగడం లేదని ఒక గ్రామస్థురాలు చెప్పారు. బాగుచేయించే పని క్లర్క్‌కి అప్పగించారు' అని ఉంది.